ఒకే పేరు, ఏడు తరాలు: ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’ను మీరు ఎలా చదివారు?

ప్రశ్న: కృష్ణలంక పాఠకురాలు, విజయవాడ

గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1967లో స్పానిష్‌లో వెలువరించిన, మకొందో అనే కల్పిత ఊళ్ళో బుయెందియా కుటుంబపు ఏడు తరాల కథ చెప్పే ఈ నవలను, 1970లో గ్రెగరీ రబాసా చేసిన ఇంగ్లీషు అనువాదంలో నేను ఈ వేసవిలో చదివి ముగించాను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ప్రతి అది. నాకంటే ముందు దాన్ని చదివినవారెవరో మొదట్లో ఉన్న వంశవృక్షం మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ వచ్చి, నాలుగో తరం దగ్గర ఒక పెద్ద ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. నేను తడబడిందీ సరిగ్గా అక్కడే.

మా వీధిలో ఏడెనిమిది మందిమి నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. వచ్చే నెల మాట్లాడే వంతు నాది. నవల నాకు నచ్చిందా అంటే, చాలా నచ్చింది. వంద ఇరవై ఏళ్ళకు దగ్గరగా బతికి ఆ ఇంటిని నిలబెట్టిన ఉర్సులా కోసమే నేను మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. కానీ నలుగురికి వివరించి చెప్పాలని కూర్చుంటే కథ చేతికి చిక్కడం లేదు. తండ్రి హోసే ఆర్కాదియో, పెద్ద కొడుకు హోసే ఆర్కాదియో, అతని కొడుకు ఆర్కాదియో, మనవళ్ళైన కవలల్లో ఒకడు హోసే ఆర్కాదియో సెగుందో, ఇంకొకడు ఆరేలియానో సెగుందో. వీళ్ళు చాలరన్నట్టు కర్నల్ ఆరేలియానోకు పదిహేడు మంది తల్లుల వల్ల పుట్టిన పదిహేడు మంది కొడుకులూ ఆరేలియానోలే. ఎవరు ఏ యుద్ధానికి వెళ్ళారో, ఎవరు ఎవరిని కోరుకున్నారో చెప్పబోయి నేను రెండుసార్లు తప్పు చెప్పాను.

ఇక్కడ చదివినవారు ఉంటే మూడు విషయాలు అడగాలనుకుంటున్నాను. పేర్లను మీరు ఎలా గుర్తుపెట్టుకున్నారు? దుప్పట్లు మడతపెడుతున్న అమ్మాయి వాటితో పాటే ఆకాశంలోకి వెళ్ళిపోవడం, ఒక మనిషి చనిపోతే ఊరంతా పసుపుపచ్చని పూలు కురవడం వంటివి చదువుతున్నప్పుడు మీ మనసు ఒప్పుకున్నదా? తెలుగు ఇళ్ళలో పుట్టి పెరిగిన మనకు ఈ కుటుంబ కథలో ప్రత్యేకంగా తగిలేది ఏదైనా ఉన్నదా? నవల ముగింపుతో సహా అంతా చదివాను కనుక దాచకుండా రాయవచ్చు.

సమాధానం: బ్రాడీపేట నాలుగో లైను, గుంటూరు

మీ మొదటి ప్రశ్నకు నా అనుభవం నుంచి సమాధానం చెబుతాను. ఈ నవలను పేర్లతో చదవకండి, వరసలతో చదవండి.

మాది ఒకప్పుడు నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం. మా తాతగారి పేరు మా పెదనాన్న కొడుక్కి, మా అన్నయ్యకు, మా చిన్నాన్న కొడుక్కి కూడా పెట్టారు. మామగారి పేరు కోడళ్ళు పలకకూడదన్న పట్టింపు మా ఇంట్లో గట్టిగా ఉండేది కనుక మా అమ్మ గానీ, పెద్దమ్మ గానీ ఏనాడూ తమ కొడుకులను అసలు పేరుతో పిలవలేదు. ఒకరు పెద్దబ్బాయి, ఒకరు నాని, ఒకరు బాబు. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పేరు ఇంట్లో వినిపించేది కాదు. అయినా ఎవరి గురించి మాట్లాడుతున్నారో మాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఎందుకంటే మాట ఎప్పుడూ ‘మీ పెదనాన్న కొడుకు’, ‘మీ అత్తయ్య మేనల్లుడు’ అనే నడిచేది. పేరు పూర్వీకుడిది, మనిషిని గుర్తుపట్టేది వరసతో.

రెండోసారి చదివేటప్పుడు నేను ఆ పద్ధతినే పాటించాను. మార్జిన్‌లో ‘ఆరేలియానో హోసే’ అని రాసుకునే బదులు ‘అమరంతా మేనల్లుడు’ అని రాసుకున్నాను. వెంటనే ఆ ఘట్టం మారిపోయింది. అమరంతా కర్నల్ ఆరేలియానో చెల్లెలు, ఆరేలియానో హోసే కర్నల్ కొడుకు. ఇంగ్లీషులో ఆమె అతనికి ఆంట్ అవుతుంది, అంతే. తెలుగులో ఆమె మేనత్త. అంటే తన కూతురిని ఇచ్చి చేయదగిన మనిషి, తాను మాత్రం తల్లి తరువాత తల్లి అంతటిది. చిన్నప్పటినుంచి తానే స్నానం చేయించి పెంచిన పిల్లవాడితో ఆమె అంచు దాకా వెళ్ళి వెనక్కి రావడం మనకు ఎంత భయం కలిగిస్తుందో, ఆ మాట లేని భాషలో చదివేవారికి అంతగా కలగదని నా నమ్మకం.

ముగింపు సంగతి మరీ స్పష్టమవుతుంది. ఆరో తరంవాడైన ఆరేలియానో, ఐదో తరంలోని అమరంతా ఉర్సులాను ప్రేమిస్తాడు. ఆమె అతని తల్లి మేమెకు స్వయానా చెల్లెలు. అంటే పిన్ని. అన్ని వరసలలోకీ మన దగ్గర ఊహకైనా రాకూడనిది అదే. కానీ వాళ్ళిద్దరికీ ఆ సంగతి తెలియదు. కూతురు పెళ్ళి కాకుండా కన్న బిడ్డను చూసి సిగ్గుపడిన ఫెర్నాందా, ఆ పసివాడు బుట్టలో కొట్టుకొచ్చాడని కట్టుకథ చెప్పి, వాడి పుట్టుకను కప్పిపెట్టింది. పేరు మాత్రం ఆరేలియానో అనే ఉండిపోయింది. ఏడు తరాల పాటు పేరును వదలకుండా అందించుకుంటూ వచ్చిన కుటుంబం, చివరికి ఒక్క పిల్లవాడికి వాడి వరసను చెప్పలేదు. దగ్గరి చుట్టాల కలయిక వల్ల పంది తోకతో బిడ్డ పుడుతుందని మొదటి తరం నుంచీ ఉర్సులా భయపడుతూ వచ్చింది; ఆ బిడ్డ పుట్టింది అక్కడే. నా దృష్టిలో ఈ నవలకు కీలు అదే. ఆ పిల్లవాడి ఎదుట ‘ఈమె నీ పిన్ని’ అని ఒక్కరు అని ఉంటే కథ మరో దారి పట్టేది.

మీ ప్రతిలో పెన్సిల్ గుర్తు పెట్టినవారికి నాలుగో తరం దగ్గర అనుమానం రావడం సహజమే. ఆ కవలలు చిన్నప్పుడు చొక్కాలు, చేతి గొలుసులు, పేర్లు మార్చుకుని పెద్దవాళ్ళను ఏడిపించే ఆట ఆడారు. ఆ ఆటలో ఎక్కడో నిజంగానే ఒకరు ఇంకొకరైపోయారేమోనని ఉర్సులాకే అనుమానం. ఆరేలియానోలు తమలోకి తాము ముడుచుకునే తెలివైనవాళ్ళు, హోసే ఆర్కాదియోలు దుడుకు, సాహసం ఉన్నవాళ్ళు అని ఆమె తరతరాల అనుభవంతో కనిపెడుతుంది; కవలల్లో మాత్రం అది తలకిందులవుతుంది. ఇద్దరూ ఒకే సమయంలో చనిపోతే, తాగి వచ్చిన స్నేహితులు శవపేటికలను తారుమారు చేసి ఒకరి గోతిలో ఒకరిని పూడుస్తారు. కనుక ఆ ప్రశ్నార్థకాన్ని చెరపకండి.

సమాధానం: మొగల్రాజపురం, విజయవాడ

పైన రాసినవారి పద్ధతి చాలా బాగుంది, నేనూ ఆ లెక్కన మళ్ళీ కొన్ని అధ్యాయాలు తిరగేశాను. అయితే అన్నీ విడదీసి సరిచూసుకోవాలన్న పట్టుదలతో చదివితే కొంత నష్టం కూడా ఉన్నదని నాకు అనిపిస్తున్నది. పేర్లు కలిసిపోవాలనే రచయిత రాశాడు. తాతలో కనిపించిన మొండితనం మనవడిలో మళ్ళీ తలెత్తినప్పుడు, ఇది ఎవరు చేశారు అని క్షణం పాటు మనం తికమకపడాలి. తాను ఇంతకుముందే ఈ మాటలు విన్నానని, కాలం ముందుకు పోకుండా గుండ్రంగా తిరుగుతున్నదని ఉర్సులాకు అనిపించే చోట పాఠకుడికి కూడా అలాగే అనిపించాలి. వంశవృక్షాన్ని పక్కన పెట్టుకుని ప్రతి పేజీకీ వేలు పెట్టి చూసుకునేవారికి ఆ అనుభూతి అందదు. మొదటిసారి తికమకతోనూ, రెండోసారి వరసలతోనూ చదవడం సరైనదని నా అభిప్రాయం.

అసలు నేను రాయదలచినది వేరే. మీరు మాట్లాడేటప్పుడు రెమెదియోస్ ప్రస్తావన తప్పకుండా తీసుకురండి. నేను చెప్పేది ఆకాశానికి వెళ్ళిన అందగత్తె గురించి కాదు, కర్నల్ పెళ్ళాడిన చిన్నపిల్ల గురించి. అతను ఆమెను ఇష్టపడే నాటికి ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. ఇంకా పక్క తడిపే వయసు. రజస్వల అయ్యేదాకా ఆగి పెళ్ళి చేస్తారు. కడుపులో కవలలతో ఆమె కొద్దికాలానికే చనిపోతుంది. నవల ఆమెను ముద్దుగా చూపిస్తుంది, ఇంట్లో అందరూ ఆమెను ప్రేమిస్తారు, ఆమె ఫోటో ముందు దీపం ఎప్పుడూ ఆరనివ్వకూడదన్న నియమం కూడా ఉర్సులా పెడుతుంది. కానీ ఆ పెళ్ళి తప్పు అన్న మాట కథనంలో ఎక్కడా బరువుగా పడదు.

గురజాడ ‘కన్యాశుల్కం’ చదివి పెరిగిన మనం దీన్ని ఒక వింత ఆచారంగా చదివి దాటిపోలేము. మా ముత్తవ్వకు ఎనిమిదో ఏట పెళ్ళయింది. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్లల పెళ్ళి వయసు పద్నాలుగుగా నిర్ణయించడానికి చాలా ముందటి మాట అది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె తన గవ్వలను, అచ్చనగాయల రాళ్ళను ఒక గుడ్డలో మూటకట్టి, బియ్యపు బస్తా వెనుక దాచుకుందట. అత్తగారు చూసి పారేయించారు. ముసలితనంలో కూడా ఆమె ఆ రాళ్ళు ఎన్నో, ఏ రంగువో చెప్పేది. రెమెదియోస్ తన బొమ్మలను వెంట తెచ్చుకుని కర్నల్ పడకగదిలో పేర్చుకునే చోట నేను పుస్తకం మూసి, చాలాసేపు మళ్ళీ తెరవలేకపోయాను. నవల గొప్పదే. ఈ ఒక్క చోట దాని చూపు కొరవడింది.

సమాధానం: పట్టాభిపురం, గుంటూరు

నేను ముప్పయ్యేళ్ళ పాటు కళాశాలలో సంస్కృతం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఈ నవలలో మనకు ప్రత్యేకంగా తగిలేది ఏమిటని అడిగారు కనుక, ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని ఒక విషయం చెబుతాను.

జిప్సీ మెల్కియాదెస్ ఆ ఇంట్లోని గదిలో కూర్చుని రాసిన తోలుపత్రాలను తరతరాలుగా బుయెందియాలు చదవడానికి ప్రయత్నించి ఓడిపోతారు. అవి సంస్కృతంలో ఉన్నాయి. అది మెల్కియాదెస్ మాతృభాష అని నవల చెబుతుంది. ఆఖరి ఆరేలియానో, ఊళ్ళో ఒక కాతలాన్ ముసలాయన నడిపే పుస్తకాల దుకాణం నుంచి సంస్కృత వాచకం తెచ్చుకుని, ఒంటరిగా ఆ భాష నేర్చుకుని, ఆ పైన రెండు రకాల గూఢలిపులను ఛేదించి, చివరికి ఆ పత్రాలను చదవగలుగుతాడు. నా విద్యార్థులు చాలామంది ఈ సంగతి విని, రచయిత ఏదో అందని భాష కావాలని సంస్కృతాన్ని పెట్టాడని అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. జిప్సీలు మాట్లాడే రోమానీ భాష ఇండో-ఆర్య కుటుంబానికి చెందినదని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో నిరూపించారు. అంకెల దగ్గర, శరీర భాగాల పేర్ల దగ్గర మన ఉత్తరాది భాషలతో దాని చుట్టరికం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఊరూరా తిరుగుతూ అయస్కాంతాలు, మంచుగడ్డలు చూపించే ఆ మనిషి తన వెంట మోసుకొచ్చిన పురాతనమైన మూట ఆ భాష.

ఆ పత్రాలలో ఉన్నది ఏమిటి? ఆ కుటుంబ చరిత్రే, వంద సంవత్సరాల ముందుగా, అతి చిన్న వివరాలతో సహా. ఇక్కడ మనకు పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం గుర్తురాక తప్పదు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని తాళపత్రాల మీద రాసి, కొన్నింటిని పాతిపెట్టి, పైన చింతచెట్టు నాటించారని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు’ అనే మాట మన నోట అలవోకగా వస్తుంది. అయితే తేడా కూడా గమనించండి. కాలజ్ఞానం లోకమంతటి గురించి చెబుతుంది, మనం వింత జరిగిన తరువాత దానిలో వెతుక్కుంటాం. మెల్కియాదెస్ రాసింది ఒక్క ఇంటి గురించి, అదీ రోజుల వరుసలో కాకుండా, నూరేళ్ళ సంఘటనలన్నీ ఒకే క్షణంలో ఇమిడి ఉండేలాగా. దాన్ని చదవడం పూర్తయిన క్షణానికే చదివేవాడూ, ఊరూ గాలికి తుడిచిపెట్టుకుపోతాయి. వెతుక్కోవడానికి మిగిలేవాడు ఉండడు. అమరంతా ఉర్సులా తనకు ఏమవుతుందో ఆరేలియానోకు తెలిసేది కూడా ఆ పత్రాలలోనే. బ్రాడీపేటవారు చెప్పిన మాటకు దీన్ని కలుపుకుని చూడండి: ఇంట్లోవాళ్ళు చెప్పని వరసను పరాయివాడు పరాయి భాషలో రాసిపెట్టాడు, అది అందేసరికి ఆలస్యమైపోయింది.

వింతలను మనసు ఒప్పుకున్నదా అన్న రెండో ప్రశ్నకు కూడా రెండు మాటలు. మార్క్వెజ్ 1927లో కొలంబియాలోని అరకటాకా అనే చిన్న ఊళ్ళో పుట్టి, చిన్నతనంలో తొలి ఏళ్ళు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాడు. తాతయ్య 1899 నుంచి 1902 వరకు జరిగిన వెయ్యి రోజుల యుద్ధంలో పోరాడినవాడు. అమ్మమ్మ దయ్యాల సంగతులను కూడా ముఖంలో ఏ మార్పూ లేకుండా, ఇప్పుడే పెరట్లో చూసి వచ్చినట్టు చెప్పేదని, తాను ఆ గొంతుతోనే ఈ నవల రాశానని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. అటువంటి గొంతు మన ఇళ్ళలో ఎవరు వినలేదు? అందుకే నాకు దుప్పట్లతో ఎగిరిపోవడం దగ్గర ఏ ఇబ్బందీ కలగలేదు.

నమ్మశక్యం కాదనిపించినది వేరే ఘట్టం, విచిత్రంగా అదే చరిత్ర. అరటి తోటల కార్మికుల సమ్మె, స్టేషన్ ముందు కాల్పులు, శవాలను రైలులో తీసుకెళ్ళి సముద్రంలో పారేయడం, ప్రాణాలతో తిరిగి వచ్చిన హోసే ఆర్కాదియో సెగుందో చెబితే ఊళ్ళో ఒక్కరూ నమ్మకపోవడం. నవలలో మూడు వేల మందికి పైగా చనిపోయారని అతను అంటాడు. వాస్తవంగా 1928 డిసెంబరు 6న సియెనగా అనే ఊళ్ళో, యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ తోటల కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది. చనిపోయినవారి సంఖ్య మీద ఏకాభిప్రాయం ఈనాటికీ లేదు. ఆ ఘట్టానికి కాస్త ముందు, కంపెనీ న్యాయవాదులు కోర్టులో ఒక వాదన చేస్తారు: కార్మికులందరినీ తాత్కాలికంగా పెట్టుకున్నాం కనుక కంపెనీకి అసలు కార్మికులే లేరు అని. కోర్టు దాన్ని అంగీకరిస్తుంది. కాంట్రాక్టు కొలువుల్లో జీవితం గడిపిన నా విద్యార్థులకు ఈ పేజీ చదివి వినిపించినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

సమాధానం: అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

నేను సాహిత్యం చదువుకున్నవాడిని కాను, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుతాను. ఈ నవలను మా అమ్మాయి ఇచ్చింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు మా కాలనీలోకి వచ్చిన సంవత్సరమే చదివాను కనుక నాకు తగిలిన అధ్యాయం వేరు.

కాల్పుల తరువాత మకొందోలో వాన మొదలై నాలుగు సంవత్సరాల పదకొండు నెలల రెండు రోజులు కురుస్తుంది. ఆ అంకెను మొదట అతిశయోక్తి అనుకున్నాను. తరువాత ఆ అధ్యాయం నిజానికి వాన గురించి తక్కువగా, వాన లోపల ఇంట్లో చిక్కుకున్న మనుషుల గురించి ఎక్కువగా చెబుతున్నదని గమనించాను. ఆరేలియానో సెగుందో తలుపుల కీళ్ళకు నూనె పెడతాడు, గడియలు బిగిస్తాడు. పిల్లలను కూర్చోబెట్టుకుని విజ్ఞానసర్వస్వంలోని బొమ్మలు చూపిస్తూ, వాటి వివరాలు ఇంగ్లీషులో ఉండి తనకు చదవరానందున, సొంతంగా కథలు కల్పించి చెబుతాడు. మేము మేడ మీద గడిపిన రోజులలో నేను కూడా అలాగే, పనిచేయని స్విచ్‌బోర్డులను విప్పి శుభ్రం చేస్తూ కూర్చున్నాను. కింద నడుములోతు నీరు ఉన్నది. చేతికి ఏదో ఒక పని లేకపోతే మనిషి నిలవలేడు.

నీరు తీశాక బీరువా కింద అరలోంచి మా పెళ్ళి ఆల్బమ్, మా నాన్నగారి కాలం నాటి ఫోటోలు బురదతో సహా బయటికి తీశాం. ఒకదానికొకటి అంటుకుపోయాయి. మా అమ్మ వాటిని పళ్ళెంలో మంచినీళ్ళు పోసి, గోరుతో నెమ్మదిగా విడదీసి, దండెం మీద బట్టల క్లిప్పులతో ఆరబెట్టింది. కొన్నింటిలో ముఖాలు పూర్తిగా చెరిగిపోయి చీర అంచు, చేతి గడియారం, కుర్చీ కోడు మాత్రమే మిగిలాయి. ఆ చీరను బట్టి, ఆ గడియారాన్ని బట్టి ఎవరు ఎవరో చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

అప్పుడు నాకు నవలలో నిద్రలేమి జబ్బు గుర్తుకు వచ్చింది. జ్ఞాపకం చెరిగిపోతుందన్న భయంతో ఊరంతా వస్తువులకు చీటీలు అంటించుకుంటారు. ఆవు మెడలో, ఇది ఆవు, ప్రతి ఉదయం దీని పాలు పితకాలి అని రాసి వేలాడదీస్తారు. మేమూ ఆ రాత్రి కూర్చుని, అమ్మ చెబుతుంటే, ప్రతి ఫోటో వెనుకా బాల్‌పెన్‌తో రాశాం. మొదట పేర్లే రాస్తున్నాం. మూడో ఫోటోకే అమ్మ ఆపింది. మా ఇంట్లోనూ ముగ్గురికి ఒకే పేరు ఉన్నది. ‘పేరు రాస్తే మీ పిల్లలకు ఎవరని తెలుస్తుంది? నీకు ఏమవుతారో రాయి’ అన్నది. దాంతో అన్నీ కొట్టేసి, మా తాతగారి రెండో తమ్ముడు, మా పెద్ద మేనత్త భర్త అని రాసుకుంటూ వచ్చాం. వరసలతో చదవమని పైన గుంటూరువారు రాసినది చూడగానే ఈ విషయం మీ అందరికీ చెప్పాలనిపించింది.

ప్రశ్న అడిగినవారి జవాబు: కృష్ణలంక పాఠకురాలు, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులుగా మీ మాటలను దగ్గర పెట్టుకుని మళ్ళీ చదువుతున్నాను. మొగల్రాజపురంవారు రెమెదియోస్ గురించి రాసినది నేను మొదటిసారి పూర్తిగా దాటిపోయాను. ఆ బొమ్మల పేజీని సమావేశంలో చదివి వినిపిస్తాను. పట్టాభిపురం మాస్టారు గారికి నమస్కారాలు. రోమానీ భాష సంగతి నాకు బొత్తిగా తెలియదు.

ఉర్సులా మీద నా ఇష్టానికి కారణం ఈసారి స్పష్టంగా దొరికింది. వృద్ధాప్యంలో ఆమెకు చూపు పోతుంది, కానీ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వదు. ఎవరు ఏ వేళకు ఏ గదిలోకి వెళతారో, ఏ వస్తువు ఏ వాసనతో ఉంటుందో కంఠస్థం చేసుకుని తిరుగుతుంది. ఒకరోజు ఫెర్నాందా పెళ్ళి ఉంగరం పోయి ఇల్లంతా వెతుకుతారు. ఎవరికీ దొరకదు. మనుషులు రోజూ నడిచే దారిలోనే నడుస్తారని, ఆ దారి తప్పిన రోజే వస్తువులు పోతాయని ఉర్సులాకు తెలుసు. ఆ రోజు ఫెర్నాందా చేసిన కొత్త పని పరుపులు ఎండలో వేయడం ఒక్కటే. ఆ పనిలో పిల్లలకు అందకుండా ఉంగరాన్ని ఎక్కడ పెట్టి ఉంటుందో ఊహించి, కళ్ళున్నవారందరికంటే ముందు దాన్ని తీసి ఇస్తుంది.

సత్యనారాయణపురంలో ఉండిన మా నాయనమ్మ కళ్ళలో శుక్లాలు ముదిరిన సంగతి మాకు రెండేళ్ళ పాటు తెలియలేదు. చెప్పుల చప్పుడుతో మనిషిని గుర్తుపట్టేది, బియ్యం డబ్బాలో చేయి పెట్టి సోలెడు ఎంతో కొలిచేది, పాలు పొంగే ముందు వచ్చే సన్నని చప్పుడు విని పొయ్యి తగ్గించేది. మా చిన్నత్త పెళ్ళికి ఇంటికి సున్నాలు వేయించి, మంచాన్ని ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరిపారు. ఆమె రోజూ కూర్చునే చోట కూర్చోబోయి నేల మీద పడిపోయింది. అప్పటికిగానీ ఇంట్లో ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఉంగరం ఘట్టం రెండోసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఏడ్చాను.

ఇంకొక విషయం. నిన్న రాత్రి మా అమ్మకు మొదటి రెండు అధ్యాయాల కథ చెప్పాను. ఆమె సొంత మేనమామను చేసుకుంది. హోసే ఆర్కాదియో బుయెందియా, ఉర్సులా దగ్గరి చుట్టాలని, అటువంటి పెళ్ళి వల్ల ఆ కుటుంబంలో అంతకుముందే ఒక బిడ్డ పంది తోకతో పుట్టిందని, ఆ భయంతో ఉర్సులా పెళ్ళయ్యాక కూడా భర్తను దగ్గరకు రానివ్వలేదని, దాని మీద కోడిపందెం దగ్గర ఒకడు ఎగతాళి చేస్తే ఇతను బల్లెంతో పొడిచి చంపాడని, చచ్చినవాడు రాత్రిళ్ళు గాయం కడుక్కుంటూ కనిపించడంతో ఆ ఊరే విడిచి వెళ్ళారని వివరించాను. దయ్యం గురించి ఆమె ఏమీ అడగలేదు. ‘ఆ పిల్ల అతనికి మేనత్త కూతురా, బాబాయి కూతురా?’ అని అడిగింది. పుస్తకం తెరిచి ఆ పేజీలు మళ్ళీ చూశాను. ఇద్దరూ కజిన్స్ అని మాత్రమే ఉన్నది. నాకు అంతకుమించి ఏమీ కనిపించలేదు.

అది చెప్పాక ఆమె కొంచెంసేపు ఊరుకున్నది. నేను కడుపులో ఉన్నప్పుడు మా నాయనమ్మ, అంటే అమ్మకు సొంత అమ్మమ్మ, రోజూ సాయంత్రం ఒకే మాట అడిగేదని, బిడ్డ కదులుతున్నదా అని, నేను పుట్టిన రోజున మంత్రసాని చేతిలోంచి నన్ను తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ వెలుతురు దగ్గరకు వెళ్ళి, వేళ్ళు, చెవులు, వెన్ను అన్నీ తడిమి తడిమి చూసుకుని, ఆ తరువాతే మగవాళ్ళకు కబురు పంపించిందని చెప్పింది. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. వచ్చే నెల సమావేశానికి అమ్మ కూడా వస్తానన్నది. ఉర్సులా భయం గురించి నేను కాక ఆమె మాట్లాడుతుంది.